కమ్మిన్స్, పవర్‌స్ట్రోక్, డ్యూరామ్యాక్స్: ఏ డీజిల్ పికప్ ఇంజన్ ఎన్నాళ్లు నిలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్, ఆస్టిన్ చుట్టుపక్కల నాలుగైదు ఎకరాలు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ఇప్పుడు డీజిల్ పికప్ కోసం చూస్తున్నారు. ట్రాక్టర్‌ని ట్రైలర్ మీద లాగాలి, గడ్డి మోపులు తేవాలి, కొందరికి సెలవుల్లో ఆర్‌వీ (లోపలే ఉండి పడుకునే ఇల్లులాంటి ట్రైలర్) లాగాలి. ఫోన్ చేసి అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాస్తున్నాను. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో అమ్మే పెద్ద పికప్‌ల గురించి: ర్యామ్ (పాతవాటి పేరు డాడ్జ్ ర్యామ్) 2500, 3500లో ఉండేది కమ్మిన్స్, ఫోర్డ్ ఎఫ్-250, ఎఫ్-350లో పవర్‌స్ట్రోక్, జనరల్ మోటార్స్ వారి షెవర్లే, జీఎంసీల 2500, 3500లో డ్యూరామ్యాక్స్.

మూడింటిలో ఏది గట్టిదో ఒక్క ముక్కలో చెప్పండి.

కంపెనీ పేరు ఒకటి చెప్పి ఊరుకుంటే మీ డబ్బుకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. మూడు కంపెనీల బళ్లలోనూ బంగారం లాంటి ఇంజన్లు వచ్చాయి, కొన్నవాళ్ల కొంప ముంచిన ఇంజన్లూ వచ్చాయి. కాబట్టి "ఏ కంపెనీ" అని కాకుండా "ఏ సంవత్సరం" అని అడగండి. ఇంకో సంగతి, ఇది అన్నిటికన్నా ముఖ్యం: బ్లాక్ (సిలిండర్లుండే పెద్ద పోత), క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు మూడు కంపెనీల ఇంజన్లలోనూ దాదాపు అన్ని తరాల్లోనూ గట్టివే, సరిగ్గా చూసుకుంటే 3 లక్షల మైళ్లు దాటడం వింతేమీ కాదు. ముందుగా పోయేవి దాని చుట్టూ బిగించినవి. డీజిల్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, ఆయిల్ కూలర్, పొగని శుభ్రం చేసే సామాను. వాటిలో ఒకటి పోతూ పోతూ మిగతావాటిని కూడా లాక్కుపోయినప్పుడు రిపేరు ఖర్చు బండి ఖరీదుకి దగ్గరైపోతుంది, అప్పుడు అందరం "ఇంజన్ పోయింది" అంటాం.

కమ్మిన్స్‌కి అంత పేరు ఎందుకు వచ్చింది?

ఎందుకంటే అది పికప్ కోసం పుట్టిన ఇంజన్ కాదు. కమ్మిన్స్ బీ-సిరీస్ అనేది ట్రాక్టర్లకీ, పొలం యంత్రాలకీ, మధ్యరకం లారీలకీ చేసింది. 1989 మోడల్ డాడ్జ్ ర్యామ్‌లో 5.9 లీటర్ల ఆ ఇంజన్‌ని పెట్టినప్పుడు దాని బలం 160 హార్స్‌పవర్, 400 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) మాత్రమే. ఇవాళ్టి లెక్కలో అది చాలా తక్కువ. కానీ ఆ పనికి ఆ ఇనుము చాలా ఎక్కువ, అందుకే అది అలసిపోదు. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి, క్రాంక్‌ని ఏడు మెయిన్ బేరింగులు మోస్తాయి (రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లుండే వీ8 లో ఐదే). సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ ఒక్కటే, దాని కింద సీలు వేసే హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే, బ్లాకూ హెడ్డూ రెండూ పోత ఇనుమే. బానెట్ ఎత్తితే ఇంజన్‌కి రెండు పక్కలా చెయ్యి దూరుతుంది, మెకానిక్ అసహనం లేకుండా పని చేసుకోగలడు, అది కూడా మన్నికలో భాగమే అని నా నమ్మకం.

మనవాళ్లకి ఈ ఇంజన్ కొత్తేమీ కాదు. టాటా, కమ్మిన్స్ కలిసి 1993లో పెట్టిన కంపెనీ జంషెడ్‌పూర్‌లో చేసింది ఈ బీ-సిరీస్ ఇంజన్లనే, టాటా 2515 లాంటి లారీల్లో ఉన్నది ఈ 5.9 కుటుంబమే. విజయవాడ ఆటోనగర్‌లో "కమ్మిన్స్ బండి" అనే మాట వినని మేస్త్రీ ఉండడు. టెక్సస్‌లో ఒక రైతు తన 12 వాల్వుల ర్యామ్‌ని సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చే ఆ గరగర శబ్దం విని, చిన్నప్పుడు ఇంటి ముందు తెల్లవారుజామున లారీ స్టార్ట్ చేసినట్టే ఉందే అని నేను అక్కడే నిలబడిపోయాను.

అంటే కమ్మిన్స్‌కి జబ్బులే లేవా?

ఉన్నాయి, తరానికొకటి ఉంది.

1994 నుంచి 1998 వరకు వచ్చిన 12 వాల్వుల ఇంజన్‌లో బాష్ పీ7100 అనే లైన్ పంపు ఉంటుంది. పూర్తిగా మెకానికల్, కంప్యూటర్ అవసరమే లేదు. చాలామంది దృష్టిలో మూడు కంపెనీల చరిత్రలోనూ అన్నిటికన్నా మన్నికైన పికప్ ఇంజన్ ఇదే, నా ఓటు కూడా దానికే. కానీ అందులో ఒక చిన్న ఉక్కు పిన్ను ఉంది. ముందువైపు టైమింగ్ గేర్ల పెట్టెని సరిగ్గా కూర్చోబెట్టడానికి దిగ్గొట్టిన పిన్ను అది. వణుకుడికి మెల్లగా బయటికొచ్చి టైమింగ్ గేర్ల మధ్యలో పడితే ఇంజన్ ఖతం. ఊడి రాకుండా అడ్డంగా ఒక చిన్న రేకు ముక్క బిగించేస్తే జీవితాంతం ఆ టెన్షన్ ఉండదు. పాత 12 వాల్వుల బండీ, తొలి 24 వాల్వుల బండీ కొంటుంటే ఆ పని చేయించారా అని మొదట అడగండి.

1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన 24 వాల్వులదాంట్లో వీపీ44 అనే పంపు వచ్చింది. ట్యాంకు నుంచి డీజిల్‌ని తోసే చిన్న పంపు బలహీనపడితే ఈ పెద్ద పంపుకి చల్లదనం, జిడ్డు అందక పోతుంది. అదే కాలంలో కొన్ని బ్లాకుల మీద "53" అనే అంకె పోతపోసి ఉంటుంది, ఆ బ్లాకులు పక్కన పగిలి నీళ్లు కారిన సందర్భాలు చాలా ఉన్నాయి. టార్చ్ పట్టుకుని ఆ అంకె ఉందో లేదో చూసుకోండి.

2003 నుంచి 2007 దాకా కామన్ రెయిల్ 5.9, అంటే ఒత్తిడితో ఉన్న డీజిల్‌ని రెయిల్ అనే ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ ఇచ్చేది. బాష్ సీపీ3 పంపు గట్టిది, ఇంజెక్టర్లే ఖరీదు, ఫిల్టర్ మంచిది వాడకపోతే అవి త్వరగా అరుగుతాయి.

2007 మధ్యలో 6.7 వచ్చింది. దీనిలో అందరూ భయపడేది గ్రిడ్ హీటర్. గాలి లోపలికి వెళ్లే దారిలో చలికాలం కోసం పెట్టిన హీటర్ అది, దాని కరెంటు బోల్టు ఏళ్ల తరబడి వేడికి కాలి కాలి తెగి సిలిండర్‌లో పడితే పిస్టన్ నుజ్జవుతుంది. 2025 మోడల్‌లో ఆ హీటర్ తీసేసి గ్లో ప్లగ్గులు పెట్టారు. 2019లో బ్లాక్‌ని సీజీఐ అనే గట్టిరకం పోత ఇనుముకి మార్చారు, బాగుంది. కానీ అదే ఏడు సీపీ4 పంపు కూడా పెట్టారు, దాని కథ కింద విడిగా రాశాను.

ఫోర్డ్ 7.3 కి ఇప్పటికీ అంత రేటు ఎందుకు పలుకుతోంది?

అర్హత ఉంది కాబట్టి. 1994 మధ్య నుంచి 2003 వరకు వచ్చిన 7.3 పవర్‌స్ట్రోక్‌ని చేసింది ఫోర్డ్ కాదు, నావిస్టార్. లారీలకీ స్కూల్ బస్సులకీ వేసిన ఇంజనే ఇది. ఇంజన్ ఆయిల్‌నే ఒత్తిడితో పంపించి, ఆ ఒత్తిడితో ఇంజెక్టర్‌లోని డీజిల్‌ని కొట్టిస్తుంది. అందుకే దీనికి 15 క్వార్టుల ఆయిల్ పడుతుంది, అందుకే దీనిలో ఆయిల్ మార్చకుండా తిప్పడం ఇంజెక్టర్లని చంపుకోవడమే. చాలా చౌక పార్టు ఒకటి, క్యామ్ సెన్సర్, పోతే బండి హైవే మధ్యలో టక్కున ఆగిపోతుంది. 7.3 ఉన్నవాళ్లు ఆ సెన్సర్ ఒకటి, దాన్ని విప్పే రెంచి ఒకటి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకుని తిరుగుతారు. మీరూ పెట్టుకోండి. లాగుడులో కొత్తవాటితో పోటీ పడలేదు, శబ్దం ఎక్కువ, కానీ 4 లక్షల మైళ్లు దాటి రోజూ పనికెళ్లే బళ్లు నేను చూశాను.

6.0 పవర్‌స్ట్రోక్ చౌకగా వస్తోంది, తీసుకోవచ్చా?

తీసుకునే ముందు అది ఎందుకు చౌకో తెలుసుకోండి. 2003లో మొదలై 2007 వరకు వచ్చింది. ఇందులో ముఖ్యమైన జబ్బు ఒకటే, కానీ గొలుసులా సాగుతుంది. ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌లో నీళ్ల దారులు సన్నగా ఉంటాయి, కూలెంట్‌లోని మడ్డి, పోతలో మిగిలిన ఇసుక చేరి పూడిపోతాయి. ఆ కూలర్ దాటొచ్చిన నీళ్లే ఈజీఆర్ కూలర్‌కి (కొంత పొగని మళ్లీ ఇంజన్‌లోకి పంపే ముందు చల్లబరిచేది) వెళ్లాలి. నీళ్లు సరిగ్గా అందకపోయేసరికి ఈజీఆర్ కూలర్ లోపల మరిగి పగులుతుంది. పగిలాక ఆ నీళ్లు సిలిండర్లలోకి వెళ్తాయి. అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, హెడ్ బోల్టులు సాగుతాయి, హెడ్ గ్యాస్కెట్ ఎగిరిపోతుంది. చివరికి ఓనర్‌కి కనపడేది తెల్లపొగ, కూలెంట్ డబ్బా మూత దగ్గర కక్కిన మరకలు. వీటికితోడు ఇంజెక్టర్లకి 48 వోల్టుల కరెంటు ఇచ్చే పెట్టె ఒకటుంది, బ్యాటరీలు బలహీనపడితే అది కూడా పోతుంది. వారంటీ ఖర్చుల మీద ఫోర్డూ నావిస్టారూ 2007లో కోర్టుకెక్కే దాకా వెళ్లింది వ్యవహారం.

అయితే న్యాయంగా చెప్పాలి. కింద భాగం, అంటే బ్లాకూ క్రాంకూ, బాగా గట్టివి. హెడ్ బోల్టుల బదులు గట్టి స్టడ్లు, మంచి ఆయిల్ కూలర్, బలమైన ఈజీఆర్ కూలర్ వేయించిన 6.0 లు ఏళ్లకేళ్లు హాయిగా తిరుగుతున్నాయి. ఆ పని చేసినట్టు బిల్లులు చూపిస్తే ఆలోచించండి. నోటిమాటకి విలువ లేదు. పరీక్ష సులువు: బండి బాగా వేడెక్కాక హైవే మీద స్థిరంగా నడుపుతూ ఆయిల్ వేడీ, కూలెంట్ వేడీ పోల్చండి, తేడా 15 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే కూలర్ పూడిపోతోందని అర్థం.

6.4?

2008 నుంచి 2010. వద్దండి. పొగ ఫిల్టర్‌ని కాల్చి శుభ్రం చేయడానికి సిలిండర్‌లోకే అదనంగా డీజిల్ కొడుతుంది, ఆ డీజిల్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతుంది. పలచబడ్డ ఆయిల్‌తో లోపలివన్నీ అరుగుతాయి.

మరి ఫోర్డ్ 6.7?

ఇది ఫోర్డ్ సొంతంగా చేసుకున్నది, 2011 నుంచి. సీజీఐ బ్లాక్, అల్యూమినియం హెడ్లు, పొగ బయటికొచ్చే దారి రెండు వరసల మధ్యలో. మొదటి ఏళ్ల బళ్లలో టర్బో బేరింగులు, పొగ వేడి కొలిచే సెన్సర్లు ఇబ్బంది పెట్టాయి. ఆ తర్వాత నిలదొక్కుకుంది, బరువు లాగడంలో చాలా మంచి ఇంజన్. ఒకే ఒక్క భయం ఆ సీపీ4 పంపు.

డ్యూరామ్యాక్స్ సంగతి?

జనరల్ మోటార్స్, ఇసుజు కలిసి చేసిన 6.6 లీటర్ల వీ8, 2001లో వచ్చింది. 300 హార్స్‌పవర్, 520 పౌండ్-అడుగులతో వచ్చినప్పుడు మిగతా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అందరూ తరాలని వాటి కోడ్‌తో పిలుస్తారు, కొనేటప్పుడు ఆ కోడ్‌లు తెలిసి ఉండాలి.

ఎల్‌బీ7 (2001-2004): ఇంజెక్టర్లు. వాల్వ్ కవర్ కింద దాక్కుని ఉంటాయి, మార్చాలంటే పెద్ద పని. ఎంతగా పోయాయంటే కంపెనీయే వాటికి 7 ఏళ్లు లేదా 2 లక్షల మైళ్ల దాకా కవరేజి పొడిగించింది. ఇప్పుడు అది ముగిసిపోయింది కాబట్టి ఖర్చు మీదే. ఎల్‌ఎల్‌వై (2004 మధ్య నుంచి 2005): ఇంజెక్టర్లని బయటికి తెచ్చారు, కానీ ఎండలో బరువు లాగితే వేడెక్కి హెడ్ గ్యాస్కెట్లు పోయేవి. టెక్సస్ ఎండకి ఇది చిన్న విషయం కాదు. ఎల్‌బీజెడ్ (2006-2007): పొగ ఫిల్టర్ రాకముందు వచ్చిన ఆఖరిది, 360 హార్స్‌పవర్, అందరూ వెతుక్కునేది ఇదే. పవర్ పెంచే ట్యూన్లు వేసి చావబాదితే మాత్రం పిస్టన్లు పగులుతాయి. ఎల్‌ఎంఎం (2007-2010): ఇంచుమించు అదే ఇంజన్, పొగ ఫిల్టర్‌తో. ఎల్‌ఎంఎల్ (2011-2016): సీపీ4 పంపు. ఎల్5పీ (2017 నుంచి): డెన్సో పంపు, 445 హార్స్‌పవర్‌తో మొదలైంది. కొత్త తరం మూడింటిలో డీజిల్ పంపు విషయంలో నాకు నిశ్చింతగా అనిపించేది ఇదే.

పదేపదే సీపీ4 అంటున్నారు, అసలేమిటది?

బాష్ చేసిన హై ప్రెషర్ పంపు. లోపల రెండు పిస్టన్లు ఉంటాయి, ఒక్కోదాని కింద క్యామ్ మీద దొర్లే చిన్న రోలర్ ఉంటుంది. ఆ రోలర్ ఎప్పుడూ క్యామ్‌కి తిన్నగా ఉండాలి. డీజిల్‌లో గాలి దూరినా, నీళ్లు కలిసినా, జిడ్డు తక్కువైనా అది కొద్దిగా పక్కకి తిరుగుతుంది. తిరిగిందంటే దొర్లడం మానేసి గీసుకుంటుంది. ఇనుమూ ఇనుమూ రాసుకుని వచ్చిన పొడి నేరుగా రెయిల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, తిరుగు పైపుల ద్వారా ట్యాంకులోకి వెళ్తుంది. పంపు ఒక్కటి మారిస్తే సరిపోదు, మొత్తం డీజిల్ వ్యవస్థ మార్చాలి, 10 వేల డాలర్లు పైమాటే.

అమెరికా డీజిల్‌కి జిడ్డు తక్కువ కూడా. పరీక్షలో అరుగుదల మచ్చ యూరప్ ప్రమాణంలో 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికా 520 దాకా ఒప్పుకుంటుంది. పంపేమో యూరప్‌లో పుట్టింది. ర్యామ్ 2019, 2020 బళ్లలో దీన్ని పెట్టి, 2021లో 2 లక్షల 20 వేలకు పైగా బళ్లని వెనక్కి పిలిచి మళ్లీ పాత సీపీ3 కి వచ్చేసింది. ఆ రెండేళ్ల ర్యామ్ కొంటుంటే ఆ రీకాల్ పని అయిందో లేదో వీఐఎన్ నంబర్‌తో (ప్రతి బండికీ ఉండే గుర్తింపు సంఖ్య) చూసుకోండి.

ఇది నేను అనుభవించాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. నా మొదటి డీజిల్ బండిలో, అది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, డీజిల్‌లో నీళ్లున్నాయని పసుపు లైటు వెలిగింది. ఊరెళ్లి వచ్చాక చూద్దాంలే అని రెండు రోజులు అలాగే తిప్పాను. వారం తర్వాత బండి కొండ ఎక్కుతూ ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోయింది. మెకానిక్ ఫిల్టర్ గిన్నె విప్పి, అడుగున మిగిలిన డీజిల్‌ని తెల్ల కాగితం మీద పోశాడు. డీజిల్ ఇంకిపోయాక కాగితం మీద వెండి తళుకులు మిగిలాయి, పెళ్లిపందిట్లో చల్లే తళుకుల పొడి ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. వేలితో రాస్తే వేలికి అంటుకుంది. ఆయన ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

సీపీ4 ఉన్న బండి కొంటే మూడు పనులు చేయండి. ఫిల్టర్లు చెప్పిన గడువుకంటే ముందే మార్చండి, మార్చాక గాలి పూర్తిగా పోయేదాకా ప్రైమ్ చేసి కానీ సెల్ఫ్ కొట్టకండి. జిడ్డు పెంచే మందు ప్రతి ట్యాంకులోనూ కలపండి. పంపు పోయినా ఆ పొడి ఇంజెక్టర్లకి వెళ్లకుండా ట్యాంకుకే మళ్లించే బైపాస్ కిట్ దొరుకుతుంది, కొన్ని వందల డాలర్లు, వేయించండి.

పొగ ఫిల్టర్, డెఫ్ (పొగని శుభ్రం చేయడానికి చల్లే యూరియా ద్రవం) సామాను అన్నీ పీకేస్తే ఇంజన్ ఎక్కువ కాలం నిలుస్తుందట కదా?

చాలామంది చెప్తారు. అది అమెరికా క్లీన్ ఎయిర్ చట్టానికి విరుద్ధం, అలాంటి బండిని తర్వాత అమ్ముకోవడమూ తలనొప్పే. కంపెనీలకే తప్పలేదు: 2013 నుంచి 2019 దాకా ర్యామ్ ఇంజన్ల పొగ సాఫ్ట్‌వేర్ విషయంలో కమ్మిన్స్ 167 కోట్ల డాలర్లకి పైగా జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. పొగ సామాను ఎక్కువగా పాడయ్యేది బండిని తప్పుగా వాడటం వల్ల. రెండు మైళ్ల దూరంలో ఉన్న కిరాణా కొట్టుకీ, పిల్లల స్కూలుకీ తిప్పి ఆపేస్తే పొగ గొట్టం ఎప్పుడూ వేడెక్కదు, మసి కాలదు, ఫిల్టర్ పూడిపోతుంది. ట్రైలర్ వేసుకుని వారానికోసారైనా గంటసేపు హైవే మీద లాగే బండికి ఈ బాధ చాలా తక్కువ. మీ వాడకం మొత్తం ఊళ్లోనే అయితే అసలు డీజిలే వద్దు, పెట్రోల్ ఇంజన్ తీసుకోండి.

బీ10 లెక్క అంటే?

వంద ఇంజన్లు తీసుకుంటే పది ఇంజన్లు పెద్ద రిపేరుకి వచ్చేలోగా తిరిగే దూరం. బీ50 అంటే సగం వచ్చేలోగా. ఒక కంపెనీ బీ10, ఇంకో కంపెనీ బీ50 చెప్తే ఆ రెండు అంకెలూ పోల్చి లాభం లేదు, అమ్మేవాళ్లు అలా పోల్చి చూపిస్తుంటారు.

2 లక్షల 50 వేల మైళ్లు తిరిగిన బండి కొనచ్చా? ఏం చూడాలి?

కొనచ్చు. మైళ్ల కన్నా గంటలు చూడండి. చాలా బళ్లలో ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో డాష్‌బోర్డులో కనపడుతుంది. మైళ్లని గంటలతో భాగించండి, 35, 40 వచ్చిందంటే హైవే మీద తిరిగిన బండి. 20 లోపు వచ్చిందంటే గంటల తరబడి నిలబెట్టి ఆన్‌లో ఉంచిన బండి, మీటరు చెప్పేదానికంటే బాగా అరిగి ఉంటుంది.

పొద్దున్నే వెళ్లండి, ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్లకి చెప్పండి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే అనుమానించాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఎంతసేపు తీసుకుంటోంది, మొదటి పొగ ఏ రంగు, అది ఎంతసేపట్లో తగ్గుతోంది చూడండి. బండి వేడెక్కాక ఆటోనగర్‌లో మా నాన్న లారీకి పెద్దమేస్త్రి చేసిన పని చేయండి: ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి, ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టండి. కొంచెం ఆవిరి వచ్చి మూత మెల్లగా వణికితే ఫరవాలేదు. టపటపా కొట్టుకుని ఎగిరి కింద పడితే రింగులూ సిలిండర్లూ అరిగి బోరుకొచ్చిందని అర్థం. ఆ మేస్త్రి మూత మీద అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాడు, ఒక నిమిషం తర్వాత "ఇంకో రెండేళ్లు లాగుద్ది" అనో, "దింపాల్సిందే" అనో చెప్పేవాడు. మనకి ఆ చెయ్యి లేదు కాబట్టి పాత ఆయిల్ కొంచెం సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపండి. ఇనుము, డీజిల్, కూలెంట్ ఎంత కలిసిందో తెలుస్తుంది. 40, 50 డాలర్లలోపే అయిపోతుంది.

ఇంజన్ మంచిదైతే చాలా?

గేర్‌బాక్స్ చూడకుండా కొనకండి. తొంభైల డాడ్జ్‌లలో ఇంజన్ 5 లక్షల మైళ్లు నిలిచినా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ రెండు మూడుసార్లు దింపిన బళ్లున్నాయి. డ్యూరామ్యాక్స్‌కి జతైన ఆలిసన్ 1000 ఆ విషయంలో చాలా ముందుంది. ఆ కాలం ర్యామ్ కొంటే మాన్యువల్ గేర్ల బండి దొరుకుతుందేమో చూడండి.

నా బడ్జెట్ 20 వేల డాలర్ల లోపు, నా స్థానంలో మీరుంటే?

తుప్పు పట్టని 5.9 కామన్ రెయిల్ ర్యామ్ గానీ, ఎల్‌బీజెడ్ డ్యూరామ్యాక్స్ గానీ, బాగా చూసుకున్న 7.3 గానీ. ఈ మూడింటిలో సర్వీసు కాగితాలు ఏ బండికి ఎక్కువ ఉంటే అది. చూడటానికి అందంగా ఉన్న 6.4 పక్కనే నిలబెట్టి తక్కువకి ఇస్తామన్నా కదలకండి.

శ్రీసిటీలో చేసే ఇసుజు డీ-మ్యాక్స్ కూడా డ్యూరామ్యాక్స్ లాంటిదేనా? ఇండియాలో నాన్నకి కొనిద్దామని.

కాదండి. డ్యూరామ్యాక్స్‌లో ఇసుజు చెయ్యి ఉన్నమాట నిజమే, కానీ 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్న డీ-మ్యాక్స్ వేరే తరగతి బండి. ఇప్పటి వీ-క్రాస్‌లో ఉన్నది 1.9 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్, 163 హార్స్‌పవర్. పొలం పనికీ, మనూరి రోడ్లకీ సరిపోయే బండి. ఇక్కడి ఆర్‌వీ బరువుల లెక్కలు దానికి పెట్టకండి, ఇండియాలో డీజిల్‌కి జిడ్డు ప్రమాణం కూడా యూరప్‌లాగే 460, ఆ భయం అంత ఉండదు. దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎంత దూరమో ఒకటి కనుక్కుని కొనివ్వండి.